ఏటీఎం రుసుములు: దేశాల మధ్య తేడాలు, వాటి కారణాలు

ఖాతాదారు నగదు యంత్రం నుంచి తన డబ్బు తీసుకున్నందుకు చెల్లించే మొత్తాన్ని ఏటీఎం రుసుము అంటారు. వాడుకలో అన్నిటినీ కలిపి ‘ఏటీఎం ఛార్జీ’ అనేస్తారు గాని, ఇందులో మూడు వేరు వేరు వసూళ్లు ఉన్నాయి. మొదటిది కార్డు ఇచ్చిన సొంత బ్యాంకు ఖాతాలోంచి కోసుకునేది. రెండోది యంత్రం పెట్టిన సంస్థ తెర మీద చూపించి అక్కడికక్కడే వసూలు చేసేది. మూడోది పరాయి దేశంలో డబ్బు తీసినప్పుడు మారకపు రేటులో కలిసిపోయి విడిగా కనిపించనిది. దేశాన్ని బట్టి ఈ మూడింటిలో ఏది ఉంటుంది, ఎంత ఉంటుంది అన్నది పూర్తిగా మారిపోతుంది. బ్రిటన్‌లో చాలా యంత్రాల దగ్గర ఏ బ్యాంకు కార్డుతోనైనా డబ్బు ఉచితంగా వస్తుంది. హైదరాబాదులో ఇతర బ్యాంకు యంత్రంలో నెలకు మూడు లావాదేవీలు దాటితే ఒక్కోదానికి 23 రూపాయల దాకా పడుతుంది. అమెరికాలో పరాయి యంత్రం వాడితే రెండు పక్షాలకూ కలిపి నాలుగున్నర డాలర్లు దాటుతుంది. యంత్రాలు దాదాపు ఒకే రకానివి, చేసే పని ఒకటే. అందుకే ఈ తేడాకు మూలం యంత్రం నడిపే ఖర్చులో దొరకదు. యంత్రం యజమానికి డబ్బు ఎవరు కట్టాలన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పుకుంది. రుసుముల పట్టికలోని అంకెలు ఆ జవాబుల ఫలితాలే.

లావాదేవీ వెనక లెక్క

ఒక బ్యాంకు కార్డును మరో బ్యాంకు యంత్రంలో పెట్టినప్పుడు ముగ్గురు పనిలోకి దిగుతారు: కార్డు ఇచ్చిన బ్యాంకు, యంత్రం పెట్టిన బ్యాంకు లేదా సంస్థ, రెంటినీ కలిపే స్విచ్. యంత్రం పంపిన అభ్యర్థన స్విచ్ మీదుగా కార్డు బ్యాంకుకు చేరుతుంది. అక్కడ ఖాతాలో నిల్వ చూసి అనుమతి ఇస్తే నోట్లు బయటికి వస్తాయి. ఆ తర్వాత రెండు బ్యాంకుల మధ్య లెక్క తేలుతుంది. తన ఖాతాదారు కాని మనిషికి నోట్లు ఇచ్చిన యంత్రం యజమానికి ప్రతిఫలం కావాలి. ఆ ప్రతిఫలం వచ్చే దారులు ప్రధానంగా రెండు. కార్డు బ్యాంకే తన జేబులోంచి యంత్రం యజమానికి కడితే దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. ఖాతాదారుకు ఇది కనిపించదు, ఆ భారాన్ని అతని మీద వేయాలో వద్దో కార్డు బ్యాంకు ఇష్టం లేదా నియంత్రణ సంస్థ ఆదేశం. యంత్రం యజమాని వినియోగదారు నుంచే నేరుగా తీసుకుంటే అది ప్రత్యక్ష రుసుము. అమెరికాలో సర్‌ఛార్జ్ అనేది దీన్నే. కొన్ని దేశాల్లో రెండూ పక్కపక్కనే నడుస్తాయి, అప్పుడు ఒకే లావాదేవీకి రెండు వసూళ్లు పడతాయి. ఏటీఎం రుసుముల చరిత్రలో పెద్ద వివాదాలన్నీ ఈ రెండు వసూళ్ల చుట్టూనే తిరిగాయి.

యంత్రం నడపడానికి అయ్యే ఖర్చులో గది అద్దె, కరెంటు, నెట్‌వర్క్ లింకు, నగదు తెచ్చి నింపే వ్యాను, సిబ్బంది, కాపలా, బీమా, మరమ్మతులు ఉంటాయి. యంత్రంలో కదలకుండా కూర్చున్న నోట్ల మీద పోయే వడ్డీ కూడా ఇందులో భాగమే, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ ఖర్చుల్లో ఎక్కువ భాగం రోజుకు 50 మంది వచ్చినా 300 మంది వచ్చినా పెద్దగా మారదు. అందుకే ఒక్క లావాదేవీకి పడే సగటు ఖర్చు ఆ కూడలిలో జనసంచారం మీద ఆధారపడుతుంది. రద్దీ రైల్వే స్టేషనులో అది బాగా తక్కువ, మారుమూల మండల కేంద్రంలో ఎక్కువ. ఒకే దేశంలో ఇంత తేడా ఉన్నప్పుడు, దేశం మొత్తానికి ఒకే రేటు ఉందంటే ఆ రేటు ఖర్చులోంచి తనంత తానుగా పుట్టలేదని తెలుస్తుంది. ఎవరో కూర్చుని సగటు తీసి నిర్ణయించారన్నమాట.

చరిత్ర

తొలి నగదు యంత్రంగా సాధారణంగా చెప్పేది 1967 జూన్ 27న లండన్ ఉత్తర శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు ప్రారంభించినదాన్ని. దాని రూపకర్త జాన్ షెపర్డ్-బ్యారన్ మన షిల్లాంగ్‌లో పుట్టినవాడు. అందులో ప్లాస్టిక్ కార్డు లేదు, బ్యాంకు ముందుగా ఇచ్చిన కాగితపు వోచరు పెడితే డబ్బు వచ్చేది. తొలి యంత్రాలు సొంత ఖాతాదారులకు మాత్రమే పనిచేసేవి కాబట్టి రుసుము ప్రశ్నే రాలేదు. కౌంటరు దగ్గర గుమాస్తా చేసే పని యంత్రం చేస్తుంటే బ్యాంకుకే ఆదా. బ్యాంకులు తమ యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపి, ఎవరి కార్డు ఎక్కడైనా చెల్లేలా చేసుకున్న తర్వాతే లెక్కలు మొదలయ్యాయి. చిన్న బ్యాంకుకు ఈ కలయిక వరం. సొంతంగా వంద యంత్రాలు కూడా పెట్టకుండా దేశమంతా సేవ ఇవ్వగలదు. పెద్ద బ్యాంకు మాత్రం తన పెట్టుబడి మీద పోటీదారు లాభపడుతున్నాడని భావించింది. 1990లలో అనేక దేశాల్లో ఈ పేచీయే రుసుముగా మారి వినియోగదారు మీద పడింది.

భారతదేశం

భారతదేశంలో తొలి ఏటీఎంను 1987లో ముంబైలో హెచ్‌ఎస్‌బీసీ పెట్టింది. బ్యాంకుల యంత్రాలను కలిపే తొలి ప్రయత్నం 1997లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ప్రారంభించిన ‘స్వధన్’. అది కొన్నేళ్లకే ఆగిపోయింది. దాని స్థానంలో 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ వచ్చింది. దీన్ని తయారుచేసి నడిపింది హైదరాబాదులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. 2009 డిసెంబరులో స్విచ్ బాధ్యత నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు మారింది. దేశంలోని ఏ కార్డైనా దాదాపు ఏ యంత్రంలోనైనా పనిచేయడం, ఆ లావాదేవీలకు దేశమంతా ఒకే ఇంటర్‌చేంజ్ ఉండడం ఈ ఉమ్మడి స్విచ్ వల్లే సాధ్యమయ్యాయి. యంత్రం యజమాని తనకు తోచినంత నేరుగా వసూలు చేసే పద్ధతి భారతదేశంలో వేళ్లూనుకోకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది.

రుసుముల విషయంలో రిజర్వు బ్యాంకు మూడు దశల్లో మూడు రకాలుగా నడిచింది. 2008 మార్చిలో ఇచ్చిన ఆదేశంతో ఇతర బ్యాంకు యంత్రంలో నగదు తీసినందుకు 20 రూపాయలకు మించి వసూలు చేయకూడదంది. 2009 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా ఉచితం చేసింది. ఆ ఉచితం ఆరు నెలలే నిలిచింది. చిన్న చిన్న మొత్తాలు పదేపదే తీస్తున్నారని, దాని ఇంటర్‌చేంజ్ భారమంతా తమ మీద పడుతోందని కార్డు బ్యాంకులు మొర పెట్టుకున్నాయి. 2009 అక్టోబరు నుంచి సేవింగ్స్ ఖాతాదారులకు ఇతర బ్యాంకుల యంత్రాల్లో నెలకు ఐదు ఉచిత లావాదేవీలు, ఒక్కసారికి 10,000 రూపాయల పరిమితి అమల్లోకి వచ్చాయి. 2014 నవంబరు 1 నుంచి ముంబై, న్యూఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాదు నగరాల్లో ఆ ఐదు మూడుకు తగ్గింది. ఈ నగరాల్లో యంత్రాలూ శాఖలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి సొంత బ్యాంకు యంత్రం వెతుక్కోవడం కష్టం కాదన్నది రిజర్వు బ్యాంకు చెప్పిన కారణం. ఫలితంగా ఒకే కార్డుకు విజయవాడలో ఐదు, హైదరాబాదులో మూడు ఉచిత అవకాశాలు మిగిలాయి. సొంత బ్యాంకు యంత్రాల్లో మాత్రం ఐదు ఉచితం అన్ని ఊళ్లకూ వర్తిస్తుంది. అంటే భారతదేశంలో సొంత బ్యాంకు యంత్రం కూడా ఒక పరిధి దాటాక ఉచితం కాదు.

ఉచిత సంఖ్య దాటాక పడే గరిష్ఠ రుసుము 2014లో 20 రూపాయలు, 2022 జనవరి 1 నుంచి 21, 2025 మే 1 నుంచి 23. దీనిపై పన్ను అదనం. బ్యాంకుల మధ్య నడిచే ఇంటర్‌చేంజ్ నగదు లావాదేవీకి 2012 ఆగస్టు నుంచి 15 రూపాయలుగా ఉండి, 2021 ఆగస్టులో 17కు, 2025 మేలో 19కి చేరింది. నిల్వ చూసుకోవడం, మినీ స్టేట్‌మెంట్ వంటి వాటికి అదే క్రమంలో 5, 6, 7 రూపాయలు. ఈ అంకెల్లో గమనించవలసింది వాటి మధ్య దూరం. కార్డు బ్యాంకు యంత్రం యజమానికి కట్టేది 19, ఖాతాదారు నుంచి తీసుకోగలిగేది 23. ఉచిత లావాదేవీల మీద బ్యాంకు ఆ 19 రూపాయలూ తానే భరిస్తుంది, దాటినవాటి మీద నాలుగు మిగుల్చుకుంటుంది. కాబట్టి భారతీయ పద్ధతిని ఉచితం అనడమూ సరికాదు, రుసుము పద్ధతి అనడమూ సరికాదు. తక్కువసార్లు తీసేవారి ఖర్చును బ్యాంకు మోస్తుంది, ఎక్కువసార్లు తీసేవారి నుంచి రాబట్టుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెద్ద మొత్తం ఒకేసారి తీయగలిగినవాడు మూడు సార్లలో నెల గడుపుకుంటాడు. కూలి డబ్బు ఖాతాలో పడగానే అయిదు వందలు, వెయ్యి చొప్పున తీసుకునేవాడే పరిమితి దాటుతాడు. 500 రూపాయలకు 23 రూపాయలంటే నూటికి 4.6, 10,000కు అయితే నూటికి పావు కూడా లేదు. సాదా పొదుపు ఖాతాలకు విడిగా నెలకు కనీసం నాలుగు ఉచిత ఉపసంహరణలు ఇవ్వాలన్న నియమం ఈ భారాన్ని కొంత తగ్గిస్తుంది గాని తీర్చదు.

అసాధారణ పరిస్థితుల్లో ఈ రుసుములను పూర్తిగా నిలిపివేసిన సందర్భాలు రెండున్నాయి: 2016 నవంబరు, డిసెంబరు నెలల్లో నోట్ల రద్దు కాలంలో ఒకటి, 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు కరోనా లాక్‌డౌన్‌లో మరొకటి. రెండుసార్లూ యంత్రం నడిపే ఖర్చు తగ్గలేదు. ఎవరు కట్టాలన్న నిర్ణయం మాత్రమే తాత్కాలికంగా మారింది.

బ్రిటన్

బ్రిటన్‌లో బ్యాంకులను కలిపే స్విచ్ పేరు లింక్. 1999లో బార్‌క్లేస్ తన ఖాతాదారులు కానివారి నుంచి ఒక పౌండు నేరుగా వసూలు చేస్తానని ప్రకటించింది. అప్పటికే కొన్ని బ్యాంకులు, తమ ఖాతాదారు పరాయి యంత్రం వాడితే విడిగా రుసుము కోస్తున్నాయి. రెండూ కలిస్తే జంట వసూలు అవుతుందని పత్రికలూ పార్లమెంటు సభ్యులూ గట్టిగా ఎదిరించారు. బ్యాంకుల మధ్య పోటీపై ప్రభుత్వం వేసిన క్రూక్‌షాంక్ సమీక్ష 2000 మార్చిలో వెలువడింది. అదే ఏడాది లింక్ సభ్యులు ఒకే లావాదేవీకి ఒకే వసూలు అన్న నియమానికి ఒప్పుకున్నారు. యంత్రం యజమాని నేరుగా రుసుము తీసుకోదలచుకుంటే అతనికి ఇంటర్‌చేంజ్ రాదు. ఇంటర్‌చేంజ్ కావాలంటే వినియోగదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఈ ఒక్క నియమం తర్వాత బ్యాంకులు పోటీపడి తమ వైపు రుసుములు ఎత్తేశాయి. నేడు బ్రిటన్‌లో పది ఉపసంహరణల్లో తొమ్మిదికి పైగా ఉచితం. చట్టం ఉచితాన్ని శాసించలేదు. జంట వసూలు దారి మూసేయగానే ఉచితమే బ్యాంకులకు మేలైన ఎంపికగా మిగిలింది.

ఆ ఏర్పాటుకు కూడా లోపం ఉంది. ఇంటర్‌చేంజ్ రేటు తగ్గిస్తే లాభసాటి కాని చోట్ల యంత్రాలు రుసుము పద్ధతికి మారిపోతాయి లేదా మూతపడతాయి. 2018 జూలై నుంచి లింక్ ఇంటర్‌చేంజ్‌ను మెట్లు మెట్లుగా తగ్గించడం మొదలుపెట్టి, రెండు కోతల తర్వాత మిగిలినవాటిని ఆపుకుంది. ఆ తర్వాతి నెలల్లో స్వతంత్ర నిర్వాహకుల యంత్రాలు అనేకం ఉచితం నుంచి రుసుముకు మారాయి. అలాంటి యంత్రాలు ఎక్కువగా కనిపించేది చిన్న దుకాణాల్లో, బ్యాంకు శాఖలు వెళ్లిపోయిన పేద వాడల్లో. రుసుము యంత్రాలు పేదలున్న ప్రాంతాల్లో పోగుపడుతున్నాయన్న ఆందోళనను 2005లోనే హౌస్ ఆఫ్ కామన్స్ ట్రెజరీ కమిటీ విచారించింది. ఫలితంగా ఉచిత యంత్రం లేని పేద ప్రాంతాల్లో యంత్రాలకు అదనపు ప్రోత్సాహకం ఇచ్చే పథకం వచ్చింది. 2023లో చేసిన చట్టం నగదు అందుబాటును కాపాడే బాధ్యతను ఆర్థిక ప్రవర్తన నియంత్రణ సంస్థకు అప్పగించింది. దాని నియమాలు 2024 సెప్టెంబరు నుంచి అమలవుతున్నాయి.

ఆస్ట్రేలియా

బ్రిటన్ వెళ్లిన దారికి పూర్తిగా ఎదురుదారి ఎంచుకున్నది ఆస్ట్రేలియా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విధానం రుసుమును ఎలా తయారుచేస్తుందో స్పష్టమవుతుంది. 2009 మార్చి 3 నుంచి ఆస్ట్రేలియా రిజర్వు బ్యాంకు సంస్కరణలతో బ్యాంకుల మధ్య ఇంటర్‌చేంజ్ పోయింది. యంత్రం యజమాని తెర మీద రుసుము చూపించి, వినియోగదారు ఒప్పుకున్నాకే నేరుగా తీసుకోవాలి. కంటికి కనిపించే ధర ఉంటే జనం చవకైన యంత్రం వెతుక్కుంటారని, పోటీ వల్ల ధర దిగుతుందని ఆశించారు. ఆశించినదాంట్లో సగం నిజమైంది. జనం నిజంగానే పరాయి యంత్రాలకు దూరమై సొంత బ్యాంకు యంత్రాలకూ, దుకాణంలో కొనుగోలుతో పాటు నగదు తీసుకునే పద్ధతికీ మారారు. యంత్రాల సంఖ్య కూడా పెరిగి 30 వేలు దాటింది. ధర మాత్రం దిగలేదు. రెండు ఆస్ట్రేలియన్ డాలర్ల చుట్టూ ఏళ్ల తరబడి గడ్డకట్టుకుని కూర్చుంది. ధర చూసి నచ్చక వెనక్కి తిరిగే మనిషికి పక్కన ఇంకో యంత్రం ఉండాలి కదా. ఒకే యంత్రం ఉన్న చోట తెర మీద ధర చూపించడం సమాచారం అవుతుంది గాని పోటీ కాదు.

ఆదివాసీ ఆస్ట్రేలియన్ల మారుమూల ఆవాసాల్లో ఇది చాలా తీవ్రంగా బయటపడింది. ఊళ్లో ఉన్న ఏకైక దుకాణంలో ఏకైక యంత్రం ఉండేది. సంక్షేమ భృతి ఖాతాలో పడిందో లేదో తెలుసుకోవడానికి జనం పదేపదే నిల్వ చూసుకునేవారు. ప్రతిసారీ రెండు డాలర్లు పోయేవి. ప్రభుత్వం, బ్యాంకులు, యంత్ర నిర్వాహకులు ఒప్పందానికి వచ్చి 76 దాకా మారుమూల ఆవాసాల్లో ఈ రుసుమును ఎత్తివేశారు. 2017 సెప్టెంబరు 24న కామన్వెల్త్ బ్యాంకు తన యంత్రాల్లో అందరికీ రుసుము రద్దు చేసింది. మిగిలిన మూడు పెద్ద బ్యాంకులు అదే రోజు అనుసరించాయి. ఎనిమిదేళ్లు కదలని ధర ఒక్క పూటలో సున్నా అయింది. ఆ రోజు యంత్రం నడిపే ఖర్చులో ఏ మార్పూ లేదు. అప్పటికి బ్యాంకుల పేరుప్రతిష్ఠలు రాజకీయ విమర్శలతో దెబ్బతిని ఉన్నాయి, కార్డు చెల్లింపులు పెరిగి రుసుము ఆదాయం కరుగుతోంది. దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. ఆదాయం పోయాక పెద్ద బ్యాంకులు యంత్రాలను వేగంగా తొలగించాయి, కొన్నిటిని స్వతంత్ర నిర్వాహకులకు అమ్మాయి. ఉచిత యంత్రం కనుమరుగైన చోట మిగిలింది రుసుము యంత్రమే.

అమెరికా

అమెరికాలో 1996 ఏప్రిల్ 1 వరకు ప్లస్, సిరస్ అనే జాతీయ నెట్‌వర్కులు ప్రత్యక్ష రుసుమును నిషేధించేవి. ఆ నిషేధం ఎత్తేశాక కార్డు బ్యాంకు రుసుము అలాగే ఉండి, దాని మీద యంత్రం యజమాని రుసుము చేరింది. బ్రిటన్ 2000లో మూసేసిన జంట వసూలు దారి ఇక్కడ తెరిచే ఉండిపోయింది. 1999లో శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు, శాంటా మోనికా నగర పాలక మండలి సర్‌ఛార్జ్‌ను నిషేధించారు. జాతీయ బ్యాంకులను నియంత్రించే అధికారం నగరాలకు లేదంటూ ఫెడరల్ న్యాయస్థానాలు ఆ నిషేధాలను కొట్టేశాయి. అదే ఏడాది వచ్చిన ఫెడరల్ చట్టం రుసుమును ముందుగా వెల్లడించాలని మాత్రమే చెప్పింది, పరిమితి పెట్టలేదు. బ్యాంక్‌రేట్ సంస్థ సర్వే ప్రకారం 2024లో పరాయి యంత్రం వాడకానికి సగటు మొత్తం 4.77 డాలర్లు. ఇందులో 3.19 యంత్రం యజమానికి, 1.58 సొంత బ్యాంకుకు. 40 డాలర్లు తీసినవాడికి ఇది నూటికి దాదాపు 12. అయితే అమెరికన్లందరూ ఇంత కడుతున్నారని అనుకోకూడదు. సొంత బ్యాంకు యంత్రం ఉచితం, క్రెడిట్ యూనియన్ల ఉమ్మడి నెట్‌వర్కులు, ఆల్‌పాయింట్ వంటి రుసుములేని నెట్‌వర్కులు విస్తారంగా ఉన్నాయి, కొన్ని బ్యాంకులు రుసుమును ఖాతాదారుకు తిరిగి జమ చేస్తాయి. ఎవరికి ఏ ఖాతా ఉందన్నదాన్ని బట్టి రుసుము పడుతుంది.

ఐరోపా ఖండం

ఐరోపా సమాఖ్యలో సరిహద్దు దాటినంత మాత్రాన రుసుము పెరగకూడదన్న సూత్రం ఉంది. 2001లో చేసిన నిబంధన ప్రకారం 2002 జూలై 1 నుంచి యూరో దేశాల మధ్య యూరోలు తీసుకుంటే, స్వదేశంలో అలాంటి లావాదేవీకి ఎంత తీసుకుంటారో అంతే తీసుకోవాలి. ఈ సూత్రం స్వదేశపు రుసుము ఎంతుండాలో చెప్పదు, అందుకే దేశాల మధ్య తేడాలు అలాగే ఉన్నాయి. జర్మనీలో పొదుపు బ్యాంకుల ఖాతాదారులకు తమ బృందంలోని యంత్రాలు ఉచితం, డాయిష్ బ్యాంక్, కొమెర్జ్‌బ్యాంక్ వంటివి కలిసి ‘క్యాష్ గ్రూప్’గా ఏర్పడ్డాయి. బృందం దాటితే ఒకప్పుడు పది యూరోల దాకా ఖాతాలోంచి పోయేది, ఎంత పోయిందో తర్వాత గాని తెలిసేది కాదు. 2011 జనవరి 15 నుంచి యంత్రం తెర మీద రుసుము చూపించే పద్ధతి వచ్చింది. స్పెయిన్‌లో 2015లో కైషాబ్యాంక్ ఇతర బ్యాంకుల ఖాతాదారుల నుంచి రెండు యూరోలు తీసుకోవడం మొదలుపెట్టగా, ప్రభుత్వం అదే ఏడాది అత్యవసర చట్టంతో జంట వసూలును నిషేధించింది. ఇప్పుడు యంత్రం యజమాని కార్డు బ్యాంకు నుంచే తీసుకోవాలి. హంగరీ 2014 ఫిబ్రవరి నుంచి నెలకు రెండు ఉపసంహరణలను, 1,50,000 ఫోరింట్ల దాకా, చట్టంతోనే ఉచితం చేసింది. నెదర్లాండ్స్‌లో మూడు పెద్ద బ్యాంకులు తమ యంత్రాలను ‘గెల్ట్‌మాట్’ అనే ఒక్క సంస్థకు అప్పగించి, పోటీ యంత్రాల ప్రశ్ననే పక్కన పెట్టాయి.

ఇతర దేశాలు

జపాన్‌లో రుసుము గడియారాన్ని బట్టి మారుతుంది. పెద్ద బ్యాంకుల్లో పగటి పనివేళల్లో ఉచితమైన యంత్రం రాత్రీ సెలవు రోజుల్లో 110 యెన్‌లు తీసుకోవడం ఎన్నాళ్లుగానో ఉంది. 100 యెన్‌ల మీద పది శాతం వినియోగ పన్ను చేరితే 110. మెక్సికో కేంద్ర బ్యాంకు 2010లో కార్డు బ్యాంకు రుసుమును తీసేసి, యంత్రం యజమాని తెర మీద చూపించే ఒక్క రుసుముకే అనుమతించింది. నైజీరియా పయనం భారతదేశానికి దగ్గరగా మొదలై దూరంగా ముగిసింది. అక్కడ ఇతర బ్యాంకు యంత్రాల్లో నెలకు మూడు ఉపసంహరణలు ఉచితంగా ఉండి, ఆపై 2020 నుంచి 35 నైరాలు పడేది. 2025 మార్చి 1 నుంచి ఆ ఉచితాలు పోయి, ప్రతి 20,000 నైరాలకు 100 నైరాలు, బ్యాంకు ఆవరణ బయట ఉన్న యంత్రాల్లో దానికి తోడు 500 దాకా అదనపు వసూలు వచ్చాయి.

దేశం దాటినప్పుడు

విదేశీ కార్డు విషయంలో లెక్క మరీ జటిలం. యంత్రం యజమాని రుసుము, కార్డు బ్యాంకు స్థిర రుసుము, మారకపు రేటు మీద కార్డు బ్యాంకు వేసే శాతం కలిసి పడతాయి. భారతీయ డెబిట్ కార్డుల మీద ఈ శాతం సాధారణంగా రెండు నుంచి మూడున్నర మధ్య ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లే తెలుగు విద్యార్థులు అక్కడ ఖాతా తెరిచేదాకా ఇక్కడి కార్డుతో డబ్బు తీస్తే ఎక్కువగా కోల్పోయేది ఈ శాతం వల్లనే. థాయ్‌లాండ్ బ్యాంకులు 2009లో విదేశీ కార్డులకు 150 బాత్‌లు వేయడం మొదలుపెట్టి తర్వాత 220కి పెంచాయి. 5,000 బాత్‌లు తీస్తే అది 4.4 శాతం, 20,000 తీస్తే 1.1 శాతం. అక్కడి యంత్రం అక్కడి పౌరుడికి నోట్లు ఇవ్వడానికీ విదేశీయుడికి ఇవ్వడానికీ అయ్యే ఖర్చు తేడా 220 బాత్‌లు ఉండదు. పర్యాటకుడికి ఓటు లేదు, అక్కడి బ్యాంకు మార్చుకునే అవకాశం లేదు, అందుకే ధర అక్కడ నిలిచింది. పర్యాటక కేంద్రాల యంత్రాలు మొత్తాన్ని సొంత దేశపు కరెన్సీలోకి మార్చి చూపించి ఒప్పుకోమని అడగడం మరో వసూలు. ఒప్పుకుంటే మారకపు రేటును కార్డు బ్యాంకుకు బదులు యంత్రం యజమాని నిర్ణయిస్తాడు, అది సాధారణంగా ఖరీదైన రేటు. ఐరోపా సమాఖ్యలో 2020 ఏప్రిల్ 19 నుంచి ఈ మార్పిడి మీద వేసే అదనాన్ని శాతంగా చూపించాలి.

అభ్యంతరాలు, జవాబులు

రుసుముల తేడాకు మూలం ఖర్చు కాదు, విధానమే అన్న వాదన మీద మొదటి అభ్యంతరం ఖర్చులకు సంబంధించినది. కూలి రేట్లు, అద్దెలు, భద్రత దేశానికొక తీరుగా ఉంటాయి కాబట్టి రుసుములూ అలాగే ఉంటాయంటారు. ఇందులో నిజం ఉంది. 2013లో బెంగళూరు ఏటీఎం గదిలో ఒక మహిళపై జరిగిన దాడి తర్వాత కాపలా తప్పనిసరన్న ఒత్తిడి పెరిగింది, నిర్వహణ ఖర్చు ఎక్కువైందన్న బ్యాంకుల విన్నపం 2014 మార్పులకు ఒక కారణం. అయితే బ్యాంకులు ఒకదానికొకటి కట్టుకునే టోకు ధర చూస్తే కథ మారిపోతుంది. సగటు ఖర్చు లెక్కగట్టి నిర్ణయించిన బ్రిటన్ ఇంటర్‌చేంజ్ 2018కి ముందు 25 పెన్నీల చుట్టూ ఉండేది. నేటి మారకంలో ముప్పై రూపాయలకు అటూఇటూ. భారతదేశంలో 19 రూపాయలు. జీతభత్యాల్లో ఇంత అంతరం ఉన్న రెండు దేశాల్లో టోకు ధర ఇంత దగ్గరగా ఉంటే, అమెరికాలో పరాయి యంత్రం వాడినవాడు 2024లో కట్టిన మొత్తం మన లెక్కలో సుమారు 400 రూపాయలు. ఖర్చుల తేడా ఒకటి రెండు రెట్లను వివరించగలదు, పది రెట్లను వివరించలేదు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఉచితం అన్నది లేదు, ఏటీఎం వాడనివారు కూడా ఖాతా నిర్వహణ రుసుముల రూపంలోనో తక్కువ వడ్డీ రూపంలోనో వాడేవారి ఖర్చు మోస్తున్నారు. వాడినవాడే కట్టడం న్యాయం కదా అంటారు. ఖర్చు ఎక్కడో ఒకచోట పడుతుందన్నది కాదనలేనిది. దానితో పాటు వాడేవారెవరో కూడా చూడాలి. ఫోనుతో చెల్లించేవారు నగదు మానేసిన కొద్దీ యంత్రాల దగ్గర మిగిలేది వృద్ధులు, కూలిపనివారు, చిన్న మొత్తాలతో బతికేవారు. స్థిర రుసుము వారి మీద శాతంలో ఎక్కువగా పడుతుంది. పైగా యంత్రాల వల్ల లాభపడింది వారొక్కరే కాదు. శాఖలు మూసి, కౌంటరు సిబ్బందిని తగ్గించుకుని బ్యాంకులు ఆదా చేసుకున్నది యంత్రాల పుణ్యమే. ఆ ఆదాను లెక్కలోకి తీసుకోకుండా యంత్రం ఖర్చును ఒక్కదాన్నే చూపించడం సగం లెక్క.

మూడో అభ్యంతరం: రుసుము లేకపోతే యంత్రాలు తగ్గిపోతాయి. 2017 తర్వాతి ఆస్ట్రేలియా, 2018 తర్వాతి బ్రిటన్ దీనికి సాక్ష్యాలుగా కనిపిస్తాయి. కానీ రెండు చోట్లా నగదు వాడకమే వేగంగా పడిపోతోంది, రుసుము ఉన్నా యంత్రాలు తగ్గేవి. ఆదాయం ఏ రూపంలోనూ అందని చోట యంత్రం నిలవదన్నంతవరకే ఆ సాక్ష్యం చెబుతుంది. ఆ ఆదాయం వినియోగదారు చేతి నుంచే రావాలని చెప్పదు. 2012లో రిజర్వు బ్యాంకు అనుమతించిన వైట్ లేబుల్ ఏటీఎంలు దీనికి మంచి పరీక్ష. బ్యాంకులు కాని సంస్థలు చిన్న ఊళ్లలో పెట్టే ఈ యంత్రాలకు ప్రధాన ఆధారం ఇంటర్‌చేంజే. 2012 నుంచి 2021 వరకు అది 15 రూపాయల దగ్గరే ఆగిపోవడం వారి ప్రధాన ఫిర్యాదు. వినియోగదారు రుసుము ముట్టుకోకుండా టోకు ధరను మాత్రం సవరిస్తూ వచ్చినా వారి ఇబ్బంది చాలావరకు తీరేది.

ప్రస్తుత స్థితి

నగదు తీసే దారులు యంత్రం దాటి విస్తరిస్తున్నాయి. భారతదేశంలో 2023 సెప్టెంబరులో కార్డు లేకుండా యూపీఐతో నగదు ఇచ్చే వైట్ లేబుల్ యంత్రం వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో బ్యాంకు మిత్రల చేతిలోని మైక్రో ఏటీఎంలో వేలిముద్రతో డబ్బు తీసుకోవడం మామూలైంది. ఇక్కడ బ్యాంకుల మధ్య ప్రతిఫలం తీసిన మొత్తంలో శాతంగా, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ఉంటుంది. రెండు వందలు తీసినవాడి వెనక జరిగే చెల్లింపు రెండు వందలకు తగినట్టే ఉంటుందన్నమాట. స్థిర రుసుము చుట్టూ దశాబ్దాలుగా సాగిన పేచీకి ఈ శాతం పద్ధతి ఒక వేరే జవాబు. బ్యాంకు గది ఏటీఎంలలో మాత్రం 500 తీసినా 10,000 తీసినా ఆ పంతొమ్మిది రూపాయలే నడుస్తున్నాయి.